పేర్లు తీసేస్తే సరిపోతుందా? రోగుల జన్యు డేటా ఎక్కడ పెట్టాలి, ఎవరికి ఎలా ఇవ్వాలి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ముందు చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. గుండె కండరం మందమయ్యే జబ్బున్న 31 కుటుంబాల నుంచి 214 మంది రక్తం తీసి మీ ల్యాబువాళ్ళు ఎక్సోమ్ సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏలో ప్రొటీన్లకి సంబంధించిన భాగాలు చదవడం) చేయించారు. చాలావరకు మేనరికాలున్న ఇళ్ళు, కోస్తాలో రెండు మూడు మండలాలవాళ్ళు. పేపరు పంపితే పత్రికవాళ్ళు ముడి డేటా ఏదైనా ఆర్కైవ్‌లో (పరిశోధన డేటా భద్రపరిచే చోట) పెట్టి దాని నంబరు ఇవ్వమన్నారు. గైడ్ గారేమో "పేర్లు తీసేసి గూగుల్ డ్రైవ్ లింకు ఇచ్చేయమ్మా, అయిపోతుంది" అన్నారు. కన్సెంట్ (అంగీకార) ఫారంలో "మీ వివరములు గోప్యముగా ఉంచబడును" అన్న ఒక్క ముక్క తప్ప డేటా పంచుకోవడం గురించి ఏమీ లేదు. పేర్లు లేనప్పుడు ఇబ్బంది ఏమిటి, అసలు ఇవ్వకపోతే ఏమవుతుంది, ఇస్తే ఎలా ఇవ్వాలి అని అడిగారు.

నేను హైదరాబాదులో ఇలాంటి డేటానే పదిహేడేళ్ళుగా చూసుకుంటున్నాను. సైంటిస్టుని కాదు. "ఆ ఫైలు ఎక్కడుంది?" అని సైంటిస్టులు అర్ధరాత్రి ఫోన్ చేసేది నాకే.

డ్రైవ్ లింకు ఇవ్వకండి. అలాగని డేటాని బీరువాలో పెట్టి తాళం కూడా వేయకండి. రెండింటికీ మధ్య దారి ఉంది. కాస్త చాకిరీ ఉంటుంది, రెండు మూడు నెలలు పడుతుంది.

"పేర్లు తీసేశాం కదా" అన్న మాట దగ్గర మొదలుపెడతాను. నేనూ ఒకప్పుడు ఆ మాట అన్నవాణ్ణే. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక ప్రాజెక్టు పట్టికని వేరే ఊళ్ళో ఉన్న భాగస్వామి సంస్థకి పంపాను. పేర్లు లేవు, ఫోన్ నంబర్లు లేవు, ఆస్పత్రి నంబర్లు లేవు. ఉన్నవి ఏడు కాలమ్‌లు: శాంపిల్ ఐడీ, ఊరు, కులం, వయసు, పిల్లలెందరు, వాళ్ళలో పోయినవాళ్ళెందరు, జబ్బు. అక్కడి విద్యార్థి ఒకరు ఆ పట్టికని అలాగే స్లైడులో పెట్టి ఒక మీటింగులో చూపించారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర, ఆ జిల్లాలో ప్రాక్టీసు చేసిన డాక్టరు గారొకరు పెరుగన్నం కలుపుకుంటూ మామూలుగా అన్నారు: "మీ పట్టికలో ఐదో వరస మా కాంపౌండర్ వాళ్ళ ఇల్లే కదండీ? ఇద్దరు మగపిల్లలు పోయారు, పాపం."

ఆయన తప్పేమీ లేదు. ఆ ఊళ్ళో ఆ కులం ఇళ్ళు నాలుగే. ఇద్దరు పిల్లలు పోయిన ఇల్లు ఒక్కటే. ఏడు కాలమ్‌లు కలిపి చదివితే అదే వాళ్ళ పేరు. ఆ రోజు నాకు ముద్ద దిగలేదు.

మీ 31 కుటుంబాల పట్టిక తీసి ఒకసారి ఆ డాక్టరు గారి కళ్ళతో చూడండి. మండలం, కులం, వయసు, "అకస్మాత్తుగా మరణించిన అన్నదమ్ములు: 2" అని పక్కపక్కనే ఉన్నాయా? ఉంటే ఆ మండలంలో ఆశా కార్యకర్తకి మీ శాంపిల్ ఐడీలతో పనే లేదు.

ఇదంతా మనిషిని ఎరిగినవాళ్ళు గుర్తుపట్టడం. ఎవరో తెలియని మనిషిని జన్యువుల నుంచే పట్టుకోవడం ఇంకో సంగతి, అదీ జరిగింది. 2013లో మెలిస్సా జిమ్రెక్, యానివ్ ఎర్లిక్ బృందం సైన్స్ పత్రికలో ఒక పేపరు వేసింది. అందరికీ అందుబాటులో ఉన్న జన్యు డేటాలో మగవాళ్ళ వై క్రోమోజోమ్ తీసుకున్నారు. అందులో కొన్ని చోట్ల డీఎన్‌ఏ అక్షరాల చిన్న గుంపులు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టి, వంశవృక్షాలు వెతుక్కునే వెబ్‌సైట్లలో ఆ లెక్కలు వేస్తే ఇంటిపేరు దొరికింది. డేటా పక్కన వయసు, రాష్ట్రం రాసే ఉన్నాయి. ఈ మూడూ కలిపి ఇంటర్నెట్‌లో వెతికి సుమారు యాభై మందిని గుర్తుపట్టారు. వాళ్ళు అమెరికాలోని యూటా కుటుంబాలవాళ్ళు. ఆ తర్వాత అమెరికా ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్ ఆ వయసుల కాలమ్‌ని అందరికీ కనిపించే చోటు నుంచి తీసేసింది.

మన ఇంటిపేరూ అలాంటిదే కదా. తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది, వై క్రోమోజోమూ అంతే. పైగా మన ఇంటిపేర్లలో చాలావాటికి ఊరిపేరే మూలం. తెలుగువాళ్ళకి అలాంటి డీఎన్‌ఏ వంశవృక్షాల వెబ్‌సైట్ల పిచ్చి ఇంకా పట్టలేదు కాబట్టి నెట్టుకొస్తున్నాం. అమెరికాలో ఉన్న మన పిల్లలు పుట్టినరోజుకి ఉమ్మి కిట్లు బహుమతిగా ఇచ్చుకుంటున్నారు, ఇది ఎంతకాలమో తెలియదు.

ముడి డేటా కాకుండా, ఏ మార్పు నూటికి ఎందరిలో ఉందన్న సగటు లెక్కలు మాత్రమే ఇస్తే? 2008 దాకా అది భద్రమేనని అందరూ అనుకున్నారు. ఆ ఏడాది హోమర్ అనే పరిశోధకుడి బృందం, ఒక మనిషి జన్యు వివరాలు మన చేతిలో ఉంటే, వేలమంది సగటు లెక్కలు చూసి అతను ఆ రోగుల గుంపులో ఉన్నాడో లేడో చెప్పవచ్చని చూపించింది. ఎన్‌ఐహెచ్ వెంటనే అలాంటి లెక్కల్ని కూడా తాళం వెనక్కి నెట్టింది. పదేళ్ళ తర్వాత, 2018లో, ఆ భయం మరీ అంత అక్కర్లేదని చాలావాటిని మళ్ళీ తెరిచింది, సున్నితమైన గుంపుల్ని మినహాయించి. అంటే వేలమంది లెక్కలు సాధారణంగా పరవాలేదు, ఒకే ప్రాంతం చిన్న గుంపువైతే ఆలోచించాలి. మీ 214 మంది ఈ రెండో రకం.

మనదేశంలో దీనికి ఇంకో మెలిక ఉంది. మనిషి బయటపడకపోయినా కులం బయటపడుతుంది. తెలుగువాళ్ళందరికీ తెలియాల్సిన ఉదాహరణ వైశ్యులది. ఆపరేషన్ ముందు మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి సక్సినిల్‌కోలిన్ అనే మందు వాడతారు. రక్తంలో ఉండే బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని కొద్ది నిమిషాల్లోనే విరిచేస్తుంది. ఆ ఎంజైము సరిగా లేనివాళ్ళకి మందు ప్రభావం గంటల తరబడి పోదు, సొంతంగా ఊపిరి తీసుకోలేరు, వెంటిలేటర్ మీద ఉంచాలి. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపం ఉన్న జన్యువే వచ్చినప్పుడు ఇలా అవుతుంది. ఆంధ్ర, తెలంగాణ వైశ్యుల్లో ఈ లోపం మిగతావాళ్ళకంటే దాదాపు వంద రెట్లు ఎక్కువ. మన మత్తు డాక్టర్లకి అనుభవం మీద ఇది ముందునుంచీ తెలుసు. కారణాన్ని పెద్ద డేటాతో వివరించింది మాత్రం 2017లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన పేపరు. హైదరాబాదులోని మన పరిశోధన సంస్థ సీసీఎంబీ, హార్వర్డ్ వాళ్ళు కలిసి చేశారు. దక్షిణాసియాలో 260కి పైగా గుంపుల నుంచి 2,800 మందికి పైగా డేటా చూసి, 81 గుంపులు ఎప్పుడో కొద్దిమంది పూర్వీకుల నుంచి మొదలై, బయట సంబంధాలు చేసుకోకుండా పెరిగినవని తేల్చారు. ఇలాంటి విషయాల్లో ప్రపంచమంతా ఉదాహరణగా చెప్పే ఫిన్లాండువాళ్ళ కంటే, అష్కెనాజీ యూదుల కంటే కూడా ఈ గుంపుల్లో ఆ ప్రభావం ఎక్కువ.

ఈ డేటా పంచుకోకపోయి ఉంటే? మత్తు ఇచ్చే ముందు ఒక ప్రశ్న అడిగి ప్రమాదం తప్పించే అవకాశం డాక్టర్ల నోటిమాట దగ్గరే ఆగిపోయేది. అదే సమయంలో, ఒక కులం పేరు ఒక లోపం పక్కన అచ్చవడం చిన్న విషయం కాదు. ఇక్కడ ఒక మందు మానేస్తే సరిపోతుంది, మనిషి హాయిగా నూరేళ్ళు బతుకుతాడు, అందుకే ఎవరూ నొచ్చుకోలేదు. అదే మానసిక జబ్బో, గొడ్రాలితనమో అయితే? పెళ్ళి సంబంధాల దాకా వెళ్తుంది. మీది అకస్మాత్తు మరణం తెచ్చే గుండె జబ్బు. పేపర్లో కులం పేరు అవసరమా, "కోస్తా ఆంధ్రలోని ఒక అంతర్వివాహ సమూహం" అంటే సరిపోతుందా అన్నది మీ గైడ్‌తో కూర్చుని తేల్చుకోండి. వైద్యానికి పనికొచ్చేదైతే పేరు రాయండి, పట్టిక నింపడానికైతే వద్దు. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోని పెద్దలు ఉన్నారు.

ఇంత భయం చెప్పాక ఎందుకు ఇవ్వాలి అంటారా? మీ జబ్బే చూడండి. గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ3 జన్యువులో 25 డీఎన్‌ఏ అక్షరాలు ఊడిపోయే మార్పు సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. దక్షిణాసియావాళ్ళలో నూటికి సుమారు నలుగురిలో ఉందని 2009లో బయటపడింది, సీసీఎంబీ తంగరాజ్ గారి బృందం పని అది. నూటికి నలుగురంటే కోట్లమంది. అయితే అది ఉన్నవాళ్ళందరికీ జబ్బు రాదు. ఎవరికి వస్తుంది, దానితోపాటు ఇంకే మార్పు ఉంటే వస్తుంది అన్నది 214 మందితో తేలదు. మీ 214, పుణె వాళ్ళ 300, లండన్‌లో ఉన్న మనవాళ్ళు వెయ్యిమంది ఒకచోట చేరాలి.

ఒకచోట చేరకపోతే ఏమవుతుందో అమెరికాలో చూశారు. ఇదే గుండె కండరం జబ్బుకి, ఆఫ్రికన్ మూలాలున్న కొందరు రోగులకి "మీకు జబ్బు తెచ్చే మార్పు ఉంది" అని రిపోర్టులిచ్చారు. ఆ మార్పులు నల్లవాళ్ళలో మామూలుగా ఉండేవే, హాని లేనివే అని తర్వాత తేలింది. పోల్చి చూసుకునే ఆరోగ్యవంతుల డేటాలో నల్లవాళ్ళు కొద్దిమందైనా ఉండి ఉంటే ఈ పొరపాట్లు జరిగేవి కావని 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో మన్రాయ్ బృందం రాసింది. మన రిపోర్టుల్లో "ప్రాముఖ్యత తెలియని మార్పు" అన్న వాక్యం ఎన్నిసార్లు చూసుంటారు? తల్లిదండ్రులు ఆ కాగితం పట్టుకుని "అంటే ఉన్నట్టా లేనట్టా?" అని అడుగుతారు. చెప్పలేకపోవడానికి సగం కారణం మన డేటా మన బీరువాల్లోనే ఉండిపోవడం.

గైడ్ గారి అసలు భయం ఇది కాకపోవచ్చు. డ్రైవ్ లింకంటే సరే అని, ఆర్కైవ్ అనగానే ముఖం మాడ్చుకునే సార్లని చాలామందిని చూశాను. "ఎండలో ఊళ్ళు తిరిగి మనం రక్తాలు తెస్తే, ఏసీలో కూర్చుని వాళ్ళు పేపర్లు రాసుకుంటారు" అన్నది లోపలి బాధ. తప్పని అనను, జరిగిన సందర్భాలు ఉన్నాయి. కానీ దానికి మందు డేటా దాచుకోవడం కాదు. నియంత్రిత ఆర్కైవ్‌లో (అంటే అనుమతి దొరికినవాళ్ళకే డేటా ఇచ్చే చోట) పెట్టేటప్పుడు ఫలానా తేదీ దాకా బయటికి ఇవ్వొద్దని గడువు పెట్టవచ్చు. ఎవరు అడిగారో, దేనికి అడిగారో దరఖాస్తు మీ దగ్గరకే వస్తుంది. డ్రైవ్ లింకులో ఇవేవీ ఉండవు. ఒకరికిచ్చిన లింకు నలుగురి వాట్సాప్‌లో తిరుగుతుంది, ఎవరు దింపుకున్నారో మీకు తెలియను కూడా తెలియదు. సార్‌కి ఈ కోణం నుంచి చెప్పి చూడండి, గోప్యత గురించి చెప్పినదానికంటే తొందరగా వింటారు.

ఇక కన్సెంట్. మీకు నిజమైన చిక్కు ఇక్కడే ఉంది, ముడి పడింది కూడా రక్తం తీసిన రోజే. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోపల ఉండే హవసుపాయ్ తెగవాళ్ళ కథ ప్రతి ల్యాబులోనూ చెప్పాలి. 1990లలో మధుమేహం మీద పరిశోధన అని అరిజోనా స్టేట్ యూనివర్సిటీవాళ్ళు వాళ్ళ రక్తం తీసుకున్నారు. తర్వాత అవే శాంపిళ్ళని స్కిజోఫ్రీనియా మీద, దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళ మీద, వాళ్ళ పూర్వీకులు ఎక్కడినుంచి వచ్చారన్న దాని మీద వాడారు. మా తాతలు ఈ లోయలోనే పుట్టారన్నది ఆ తెగ నమ్మకం. కోర్టుకెక్కారు. 2010లో యూనివర్సిటీ ఏడు లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన రక్తం తిరిగి అప్పజెప్పి రాజీ చేసుకుంది. తీసుకెళ్ళి తమ నేలలో కలుపుకుందామని తెగవాళ్ళే వచ్చి తీసుకున్నారు. దొంగతనం ఎవరూ చేయలేదు అక్కడ. అడిగింది ఒకటి, వాడింది ఇంకొకటి.

మీ ఫారంలో "గోప్యముగా ఉంచబడును" అని రాసి, ఇప్పుడు బయటివాళ్ళకి ఇస్తే అదే వరస. కాబట్టి ముందు మీ సంస్థ ఎథిక్స్ కమిటీకి రాయండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు వాళ్ళ టేబుల్ మీదే ఉంటాయి. పాత కన్సెంట్‌తో నియంత్రిత పద్ధతిలో ఇవ్వవచ్చా, మళ్ళీ అందర్నీ అడగాలా అన్నది వాళ్ళు తేల్చాలి, మీరూ మీ గైడూ కాదు. నా సలహా అడిగితే, 31 కుటుంబాలే కాబట్టి మళ్ళీ వెళ్ళి అడగండి. మందులకో ఎకో పరీక్షకో వాళ్ళు ఏడాదికోసారైనా మీ ఆస్పత్రికి వస్తూనే ఉంటారు. ఒప్పుకోనివాళ్ళ డేటా పక్కన పెట్టేయండి. 214లో 190 మిగిలినా పేపరు పడిపోదు.

ఈసారి ఫారం తెలుగులో రాయండి. తెలుగంటే "జన్యు పదార్థ దత్తాంశము ఇతర సంస్థలతో పంచుకొనబడును" అని కాదు. ఒకసారి మా ఫీల్డు అసిస్టెంటు ఇలాంటి వాక్యమే చదివి వినిపిస్తే, వేలిముద్ర వేయబోతున్న ముసలమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని "అంటే నా నెత్తురు అమ్ముకుంటారా నాయనా?" అంది. ఆవిడకి అర్థమైనంతగా మాకే అర్థం కాలేదు అనిపించింది నాకు. ఆ తర్వాత మేం ఇలా మార్చాం: "మీ రక్తం నుంచి తీసిన వివరాలు కంప్యూటర్‌లో దాస్తాం. మీ పేరు, ఊరు అందులో ఉండవు. ఈ జబ్బు మీద పనిచేసే వేరే ఊళ్ళవాళ్ళు, వేరే దేశాలవాళ్ళు అడిగితే, ఒక కమిటీ చూసి సరే అంటేనే ఇస్తాం. మందుల కంపెనీలకి ఇవ్వమంటారా వద్దంటారా, మీరే చెప్పండి. ఎంత జాగ్రత్తపడినా ఎప్పుడైనా ఎవరైనా గుర్తుపట్టే ప్రమాదం కొంచెం ఉంది. ఇష్టం లేకపోతే వద్దనండి, మీ వైద్యం ఆగదు. రేపు మనసు మారినా ఫోన్ చేయండి, ఆపేస్తాం, అప్పటికే ఇచ్చేసింది మాత్రం వెనక్కి తేలేం." ఆ చివరి వాక్యం తీసేయమని ఒక కమిటీ సభ్యుడు పట్టుబట్టారు, జనం భయపడతారని. మేం తీయలేదు. ఒప్పుకునేవాళ్ళు తగ్గలేదు కూడా. జనం ఎక్కువగా ఆగేది కంపెనీల ప్రశ్న దగ్గరే. అవును, కాదు అని రెండు గళ్ళు ఇవ్వండి, దానివల్ల తర్వాత చాలా పని తేలికవుతుంది.

ఎలాగంటే, ఆర్కైవ్‌లో పెట్టేటప్పుడు ప్రతి శాంపిల్‌కీ "దేనికి వాడుకోవచ్చు" అని ఒక గుర్తు తగిలించాలి. జీఏ4జీహెచ్ అనే అంతర్జాతీయ కూటమి దీనికి డీయూఓ అని ప్రామాణిక సంకేతాలు తయారుచేసింది: ఏ పరిశోధనకైనా, ఆరోగ్య పరిశోధనకి మాత్రమే, ఈ ఒక్క జబ్బుకే, లాభాపేక్ష లేనివాళ్ళకే, ఇలా. మీ ఫారంలో గళ్ళు ఈ సంకేతాలకి సరిపోయేలా ఉంటే కంప్యూటరే జల్లెడ పడుతుంది. లేదంటే ఐదేళ్ళ తర్వాత మీ స్థానంలో కూర్చున్నవాళ్ళు 214 కాగితాలు తిరగేయాలి, అవి అప్పటికి చెదలు తినకుండా ఉంటే.

ఎక్కడ పెట్టాలి? మనదేశంలో అయితే ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయోలాజికల్ డేటా సెంటర్, ఐబీడీసీ. 2022 నవంబరులో మొదలైంది. మనుషుల డేటాకి అక్కడ ఇండా-సీఏ అని నియంత్రిత విభాగం ఉంది. మీ ప్రాజెక్టుకి డబ్బిచ్చింది కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) అయితే 2021 నాటి బయోటెక్-ప్రైడ్ మార్గదర్శకాలు ఎలాగూ అటే పంపిస్తాయి. పదివేలమంది భారతీయుల జీనోమ్‌లు చదివిన జీనోమ్‌ఇండియా డేటా కూడా అక్కడే ఉంది. 2025 జనవరిలో పరిశోధకులకి తెరిచారు, కావాలంటే ప్రతిపాదన రాసి దరఖాస్తు పెట్టుకోవాలి. మీ పోలికకి ఆరోగ్యవంతుల డేటా కావాలని ఎలాగూ అడిగేవాళ్ళే, కాబట్టి ఆ దరఖాస్తు కూడా ఇప్పుడే మొదలెట్టండి. యూరప్‌లో ఈజీఏ అని ఇలాంటి ఆర్కైవే ఉంది, 2008 నుంచీ నడుస్తోంది. ఖర్చు లేదు. ఎవరికివ్వాలో నిర్ణయించే కమిటీని మీరే పెట్టుకోవాలి, ఫైళ్ళు గుప్తలిపిలో వెళ్తాయి. అమెరికా వాళ్ళ ఆర్కైవ్ డీబీగ్యాప్ ఎక్కువగా ఎన్‌ఐహెచ్ నిధులతో చేసినవాళ్ళకి. పత్రికకి కావాల్సింది నంబరు, ఐబీడీసీదైనా సరిపోతుంది. ఎడిటర్ నసిగితే "దేశీయ నియమాలు, ఎథిక్స్ కమిటీ షరతుల ప్రకారం" అని ఒక పేరా రాయండి, అర్థం చేసుకుంటారు. ప్రాజెక్టులో విదేశీ భాగస్వామి గానీ విదేశీ నిధులు గానీ ఉంటే హెచ్‌ఎంఎస్‌సీ (ఆరోగ్య శాఖ పరిశీలన కమిటీ) అనుమతి ఉందో లేదో ముందు చూసుకోండి. అది ఐసీఎంఆర్ ద్వారా వస్తుంది, అడిగిన వారంలో వచ్చేది కాదు.

డేటా ఎవరికివ్వాలో తేల్చే కమిటీ అనగానే గైడూ, ఆయన స్నేహితుడూ, మీరూ అని రాయకండి. మీ పేపర్‌తో సంబంధం లేని ఒకరు, ఒక గుండె డాక్టరు, వీలైతే ఆ కుటుంబాల్లో చదువుకున్న ఒకరు ఉండాలి. జవాబివ్వడానికి గడువు రాసుకోండి. ఆరు నెలలు మెయిల్‌కి జవాబు ఇవ్వని కమిటీ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఇప్పుడు నా సొంత పేటకి వస్తాను. డేటా పాడయ్యేది దొంగల వల్ల కంటే మన నిర్లక్ష్యం వల్లే ఎక్కువ. పంపే ముందు మీరు చూసుకోవాల్సినవి నాకు తగిలిన దెబ్బల వరసలో చెబుతాను.

శాంపిళ్ళు తారుమారయ్యాయేమో చూడండి. ఒకసారి మా దగ్గర 96 గుంటల ప్లేటు సీక్వెన్సింగ్‌కి వెళ్ళి వచ్చింది. పట్టిక ప్రకారం మగవాళ్ళయినవాళ్ళలో సగానికి రెండు ఎక్స్ క్రోమోజోమ్‌లు కనబడ్డాయి. రెండు రోజులు బుర్రలు బద్దలుకొట్టుకున్నాం. చివరికి తేలింది ఏమిటంటే, ఎవరో ప్లేటుని అటుదిటు తిప్పి పెట్టారు. మొదటి గుంట చివరి గుంట అయింది. కంప్యూటర్‌లో తిప్పి చదివితే అన్నీ సరిపోయాయి. ఆడామగా సరిచూడటం పది నిమిషాల పని. అది చేయకుండా ఆర్కైవ్‌కి పంపి ఉంటే ఒకరి గుండె జబ్బు ఇంకొకరి జన్యువులకి అతుక్కుని ప్రపంచమంతా తిరిగేది.

అలాగే బంధుత్వాలు సరిచూస్తారు కదా, తండ్రీ కొడుకు అని రాసినవాళ్ళు నిజంగా తండ్రీ కొడుకేనా అని. కానట్టు తేలితే ముందు శాంపిల్ మారిందేమో చూడండి. మారకపోతే ఆ సంగతి మీ దగ్గరే ఆగిపోవాలి. దత్తత కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఆర్కైవ్‌కి వెళ్ళే వంశవృక్షంలో దాన్ని "సరిదిద్ది" పంపిన ఒక ఉత్సాహవంతుణ్ణి నాకు తెలుసు. ఆ కుటుంబాన్ని అందులోంచి తీసేస్తే సరిపోయేది.

ఎక్సెల్‌ని నమ్మకండి. సెప్ట్2, మార్చ్1 అనే జన్యువుల పేర్లని అది తేదీలుగా మార్చేసేది. వేల పేపర్ల అనుబంధ పట్టికల్లో ఈ తప్పు దొర్లింది. చివరికి 2020లో జన్యువులకి పేర్లు పెట్టే కమిటీవాళ్ళే ఓడిపోయి ఆ జన్యువుల పేర్లు మార్చేశారు, ఎక్సెల్ మారలేదని. మీ శాంపిల్ ఐడీలు 12-3 లాగా ఉంటే డిసెంబరు మూడో, మార్చి పన్నెండో అయిపోతాయి. ఐడీ ముందు అక్షరాలు పెట్టండి, పట్టికని మామూలు టెక్స్ట్ ఫైలుగా దాయండి. ఐడీలో ఊరి పొడి అక్షరాలు, పుట్టిన సంవత్సరం ఇరికించే అలవాటుంటే ఇప్పుడే మానేయండి. ఆర్కైవ్‌కి పంపేవాటికి కొత్త ఐడీలు ఇచ్చి, పాతదానికీ కొత్తదానికీ లంకె వేసే పట్టికని వేరే కంప్యూటర్‌లో, వేరే మనిషి దగ్గర ఉంచండి.

జబ్బు కాలమ్‌లో "ఉంది, లేదు" అని మాత్రమే రాస్తే ఆ డేటా ఎవరికీ పనికిరాదు. ఎకోలో ఎడమ జఠరిక (గుండె కింది గది) గోడ మందం ఎన్ని మిల్లీమీటర్లో రాయండి. పెద్దవాళ్ళలో 15 గానీ అంతకు మించి గానీ ఉంటే జబ్బంటారు, రోగి దగ్గరి బంధువైతే 13కే అనుమానిస్తారు. రేపు ఈ గీత మారినా మీ అంకె పనికొస్తుంది. వయసు మాత్రం ఐదేళ్ళ విడతలుగా, ఊరు బదులు "కోస్తా ఆంధ్ర" అని చాలు. ఏ రిఫరెన్స్ (పోల్చుకునే ప్రామాణిక జీనోమ్) మీద అమర్చారో, జీఆర్‌సీహెచ్37 అయినా 38 అయినా, ప్రతి ఫైలు పక్కనా రాయండి. రాయకపోతే చదివేవాళ్ళు ఒక వీధిలో ఇంకో ఇంటి తలుపు తడతారు.

ఒక్కో ఎక్సోమ్ ముడి ఫైళ్ళు ఐదు నుంచి పది జీబీ దాకా ఉంటాయి, మీ 214కి రెండు టీబీ హార్డ్ డిస్క్ ఒకటి సరిపోకపోవచ్చు. ఎన్ని కొన్నా ఒకే బీరువాలో మూడు కాపీలు పెడితే అది ఒక కాపీ కిందే లెక్క. కాపీ చేసిన ప్రతిసారీ ఎండీ5 సంఖ్యలు (ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే గుర్తులు) పోల్చండి. అమర్చిన ఫైళ్ళని క్రామ్ అనే కుదించిన రూపంలోకి మారిస్తే చోటు బాగా తగ్గుతుంది.

చట్టం గురించి క్లుప్తంగా. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో పరిశోధనకి మినహాయింపు ఉంది, కానీ ఆ డేటాతో ఫలానా మనిషి మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలి. యూరప్ చట్టంలాగా జన్యు డేటాని పేరుపెట్టి వేరే తరగతిగా మన చట్టం చూడదు. కాబట్టి చట్టం ఒప్పుకుందని ఊరుకోకండి, మిమ్మల్ని పట్టుకునేది ముందు ఎథిక్స్ కమిటీయే. బీమా సంగతి రోగులు తప్పకుండా అడుగుతారు. జన్యు జబ్బులన్నిటినీ గంపగుత్తగా మినహాయించడం వివక్ష అని 2018లో ఢిల్లీ హైకోర్టు అంది, తర్వాత అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. "మీకేం కాదు" అని మాటివ్వకండి.

రేపు పొద్దున్నే చేయాల్సిన పని ఒకటుంది. సార్ చెప్పగానే ఆ డ్రైవ్ ఫోల్డరు ఇప్పటికే తయారుచేసి ఉంటారని నా అనుమానం. "లింకు ఉన్న ఎవరైనా" అన్న అనుమతి తీసేయండి, ఇప్పటిదాకా ఎవరెవరికి పంపారో రాసిపెట్టుకోండి, ఎథిక్స్ కమిటీ అడుగుతుంది. తర్వాత ఎడిటర్‌కి మెయిల్ చేసి మూడు నెలలు గడువు అడగండి, కారణం చెబితే సాధారణంగా ఇస్తారు. ఆ మెయిల్‌గానీ కొత్త కన్సెంట్ ఫారంగానీ రాసుకున్నాక ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. పట్టికలోంచి "ఉదాహరణకి" అని నాలుగు వరసలు మాత్రం అతికించకండి.